రాట్స్ మాస్టారి ఫొటో

ప్రిన్స్‌టన్‌లో యూజీన్ విగ్నర్ ఆఫీసు గదికి వెళ్లినవాళ్లకు అక్కడ ఒక బడిపంతులి ఫొటో కనిపించేది. విగ్నర్ 1963లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మనిషి. గొప్ప గొప్ప శాస్త్రవేత్తల మధ్య బతికినా, ఆయన గదిలో పెట్టుకున్నది బుడాపెస్ట్‌లోని లూథరన్ హైస్కూల్లో తనకు లెక్కలు నేర్పిన లాస్లో రాట్స్ మాస్టారి ఫొటో.

అదే బడిలో విగ్నర్ కంటే ఒక క్లాసు కింద జాన్ వాన్ న్యూమన్ చదివేవాడు. ఆ పిల్లవాడి తెలివిని ముందుగా పసిగట్టింది కూడా రాట్స్ మాస్టారే. ఈ అబ్బాయికి బడిలో చెప్పే లెక్కలు సరిపోవు, యూనివర్సిటీ వాళ్లతో చెప్పిద్దాం అని తండ్రికి సలహా ఇచ్చారు. అలా పాఠం చెప్పడానికి వచ్చిన గాబొర్ సెగో తర్వాత తనే పెద్ద గణిత శాస్త్రవేత్త అయ్యారు. ఇవాళ మనం వాడే కంప్యూటర్ల అమరికకు ఇప్పటికీ వాన్ న్యూమన్ పేరే ఉంది.

హంగేరీ మేధావుల మాట వచ్చినప్పుడల్లా ఒక కథ చెబుతారు. అమెరికాలో అణుబాంబు ప్రాజెక్టు నడిచిన రోజుల్లో సిలార్డ్, విగ్నర్, టెల్లర్, వాన్ న్యూమన్ అనే హంగేరీ శాస్త్రవేత్తలను చూసి, వీళ్లు అంగారక గ్రహం నుంచి దిగినవాళ్లు, బయటపడకుండా హంగేరియన్లమని చెప్పుకుంటున్నారు అనేవారట. వినడానికి సరదాగానే ఉంటుంది. కానీ నాకు ఆ కథ నచ్చదు. పుట్టుకతోనే మేధావులు అనేస్తే, వాళ్లను తయారుచేసిన పంతుళ్ల కష్టం లెక్కలోకి రాకుండా పోతుంది.

ఆ కష్టం ఎలాంటిదో ఒక పత్రికను చూస్తే తెలుస్తుంది. 1894లో డ్యోర్ అనే ఊళ్లో దానియల్ అరాన్య్ అనే లెక్కల మాస్టారు హైస్కూల్ పిల్లల కోసం ఒక మాసపత్రిక పెట్టారు. ముద్దుగా ‘కోమల్’ అంటారు. రెండేళ్ల తర్వాత దాన్ని రాట్స్ మాస్టారు చేతిలోకి తీసుకుని 1914 దాకా నడిపారు. నెలనెలా కొన్ని లెక్కలు ఇస్తారు. పిల్లలు ఇంట్లో కూర్చుని, రోజుల తరబడి తల బద్దలు కొట్టుకుని, సాధనను పూర్తిగా రాసి పోస్టులో పంపాలి. జవాబు ఒక్కటి రాస్తే చాలదు, దారి చూపించాలి. బాగా చేసినవాళ్ల సాధనలు పేరుతో సహా అచ్చవుతాయి. ఏడాది పొడవునా నిలబడినవాళ్ల ఫొటోలు కూడా వేస్తారు. పెద్దయ్యాక గణిత శాస్త్రవేత్తలైన పాల్ ఎర్డోష్, పాల్ తురాన్ ఒకరి ముఖం ఒకరు చూడకముందే ఈ పత్రిక పేజీల్లో ఒకరి పేరు ఒకరు చదివి గుర్తుపెట్టుకున్నారు. తర్వాత జీవితాంతం స్నేహితులయ్యారు.

పిల్లల ఫొటోలు వేయడం మనకూ తెలిసిందే. ఫలితాలు వచ్చిన మర్నాడు విజయవాడలో, హైదరాబాద్‌లో రోడ్డు కిరువైపులా ర్యాంకుల ఫ్లెక్సీలు లేస్తాయి. మూడు గంటల పరీక్షలో ఎన్ని బిట్లు కరెక్టయ్యాయో ఆ ఫ్లెక్సీ చెబుతుంది. ‘కోమల్’లో ఫొటో పడాలంటే, ఊరూ పేరూ తెలియని ఒక మాస్టారు ఏడాది పాటు ఆ పిల్లవాడు రాసిన కాగితాలను లైను లైనూ చదివి ఉండాలి. ఒక పిల్లవాడి ఆలోచనను అంత ఓపిగ్గా చదివే పెద్దవాళ్లు ఉండటమే హంగేరీ రహస్యమని నా నమ్మకం. 1894లోనే ఎట్వోష్ అనే భౌతిక శాస్త్రవేత్త పేరుతో మొదలైన లెక్కల పోటీ పరీక్షదీ అదే వరస. తర్వాతి కాలంలో రాకెట్ పరిశోధనకు పునాది వేసిన థియొడర్ వాన్ కార్మన్ 1898లో అందులో గెలిచారు. 1925లో టెల్లర్ గెలిచారు.

ఈ అలవాటు దేశం దాటింది కూడా. ఎర్డోష్ పెద్దయ్యాక ఇల్లూ వాకిలీ లేకుండా ఒక సూట్‌కేసుతో ప్రపంచమంతా తిరిగారు. వెళ్లిన ప్రతిచోటా లెక్కలు ఇష్టపడే కుర్రాళ్లను వెతుక్కునేవారు. మద్రాసులో కృష్ణస్వామి అల్లాడి అనే డిగ్రీ విద్యార్థి తన పని గురించి ఆయనకు ఉత్తరం రాశాడు. నెల్లూరు జిల్లాలో పుట్టి రాజ్యాంగ ముసాయిదా కమిటీలో కూర్చున్న అల్లాడి కృష్ణస్వామి అయ్యర్‌కు మనవడు. 1975 జనవరిలో కలకత్తా నుంచి ఆస్ట్రేలియా వెళ్లాల్సిన ఎర్డోష్, ఈ కుర్రాణ్ని కలవడం కోసమే మద్రాసులో దిగారు. ఇద్దరూ కలిసి పరిశోధన పత్రాలు రాశారు. ఆ అబ్బాయి తర్వాత అమెరికాలో గణిత ఆచార్యుడయ్యాడు. అప్పటికే ప్రపంచమంతా పేరున్న మనిషి ఒక డిగ్రీ కుర్రాడి కోసం ప్రయాణం మార్చుకోవడం చూస్తే నాకు ఆ పత్రికే గుర్తొస్తుంది.

మరి ఇంత బాగా పెంచిన పిల్లలు ఆ దేశంలో ఎందుకు లేరు? ‘వలస వెళ్లారు’ అని రాసేస్తాం. ఆ మాట నిజాన్ని దాచేస్తుంది. 1919లో లియో సిలార్డ్, ఆయన తమ్ముడు మళ్లీ చదువుకోవడానికి బుడాపెస్ట్ టెక్నికల్ యూనివర్సిటీకి వెళ్తే, యూదులన్న కోపంతో తోటి విద్యార్థులే మెట్ల మీద కొట్టి తరిమేశారు. ఆ ఏడాది చివర్లోనే సిలార్డ్ బెర్లిన్ బయల్దేరారు. 1920లో ప్రభుత్వం చట్టమే చేసింది. జనాభాలో యూదుల వాటా ఎంతో యూనివర్సిటీ సీట్లలోనూ అంతే ఉండాలని, అంటే ఆరు శాతం చుట్టూ. 1933లో లండన్‌లో రోడ్డు దాటుతుండగా అణు శృంఖల చర్య (ఒక పరమాణువులో జరిగిన చర్య వరసగా మిగతావాటిలోనూ రగలడం) ఆలోచన తట్టింది ఈ సిలార్డ్‌కే. అణుబాంబు సాధ్యమని హెచ్చరిస్తూ 1939లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు వెళ్లిన ఐన్‌స్టీన్ ఉత్తరం వెనకున్నదీ ఆయనే. ఉండిపోయిన వాళ్లకు ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1944లో ఎనిమిది వారాల్లోనే 4 లక్షల మందికి పైగా యూదులను హంగేరీ నుంచి మృత్యు శిబిరాలకు రైళ్లలో పంపారు. ఎర్డోష్ బంధువుల్లో చాలామంది ఆ మారణకాండలో పోయారు.

ఆ దేశం కొన్నిసార్లు మనుషులను వెనక్కి పిలిచింది కూడా. ఆ మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. కేంబ్రిడ్జిలో పనిచేసిన జీవరసాయన శాస్త్రవేత్త ఆల్బర్ట్ సెంట్-గ్యోర్గిని విద్యామంత్రి క్లెబెల్స్‌బర్గ్ పిలిపించి సెగెడ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఇచ్చారు. సెగెడ్ మిరపకు పేరున్న ఊరు. అక్కడి పాప్రికా మన గుంటూరు మిరపంత ఘాటుగా ఉండదు, కండ ఎక్కువ. ఒకరోజు రాత్రి భోజనంలో భార్య పాప్రికా వడ్డించారు. తినబుద్ధి కాలేదు. ఆ మాట అనే ధైర్యం చాలక, విటమిన్ సి కోసం దీన్ని ఇంతవరకూ పరీక్షించలేదు కదా అనుకుని ల్యాబుకు పట్టుకెళ్లారు. అర్ధరాత్రయ్యేసరికి తేలిపోయింది, అందులో విటమిన్ సి దండిగా ఉందని. అప్పటిదాకా గ్రాముల్లో దొరకడమే గగనమైనది ఇక కిలోల్లో తీయగలిగారు. 1937లో నోబెల్ వచ్చింది. సొంత గడ్డ మీద చేసిన పనికి దక్కిన నోబెల్ అది. ఆయన కూడా 1947లో, సోవియట్ నీడ కమ్ముకుంటుంటే, అమెరికా వెళ్లిపోయారు.

అదే సెగెడ్‌లో కాటలిన్ కారికో చదువుకున్నారు. కిషూయ్‌సాల్లాష్ అనే చిన్న ఊళ్లో మాంసం కొట్టే ఆయన కూతురు. 1985లో సెగెడ్ పరిశోధన కేంద్రంలో నిధులు అయిపోయి ఉద్యోగం పోయింది. భర్త, రెండేళ్ల కూతురితో ఫిలడెల్ఫియా బయల్దేరారు. దేశం దాటించే డబ్బు మీద కఠినమైన ఆంక్షలున్న రోజులవి. కారు అమ్మగా వచ్చిన 900 పౌండ్లను పాప టెడ్డీబేర్‌లో పెట్టి కుట్టేశారు. విమానాశ్రయంలో ఆ తల్లి ఎంత టెన్షన్ పడి ఉంటుందో. అమెరికా మాత్రం నెత్తిన పెట్టుకుందా? 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం ఆమె హోదా తగ్గించింది. ఎంఆర్‌ఎన్‌ఏ (ఒంట్లోని కణాలకు ఏ ప్రొటీన్ చేయాలో చెప్పే పదార్థం) మీద పనిని ఆమె వదల్లేదు. కోవిడ్ టీకాలకు దారి వేసిన ఆ పనికి 2023 అక్టోబరు 2న నోబెల్ ప్రకటించారు. మర్నాడే ఫెరెంట్స్ క్రౌస్‌కు భౌతికశాస్త్రంలో. ఆయనా హంగేరియనే, పనిచేసేది జర్మనీలో.

నన్ను ఎక్కువ బాధపెట్టేది లాస్లో లోవాస్ కథ, ఎందుకంటే ఆయన తిరిగొచ్చిన మనిషి. 1964, 65, 66లో వరసగా గణిత ఒలింపియాడ్‌లో బంగారు పతకాలు కొట్టిన కుర్రాడు. యేల్‌లో, మైక్రోసాఫ్ట్‌లో పనిచేసి 2006లో బుడాపెస్ట్ వచ్చేశారు. 2014లో హంగేరీ సైన్స్ అకాడమీకి అధ్యక్షుడయ్యారు. 1825లో సెచేన్యి అనే జమీందారు తన ఏడాది ఆదాయం మొత్తం ఇస్తానని లేచి నిలబడితే పుట్టిన అకాడమీ అది. 2019లో అప్పటి ప్రధాని ఓర్బాన్ ప్రభుత్వం అకాడమీ పరిశోధనా సంస్థలన్నిటినీ దాని చేతిలోంచి లాక్కుంది. ఫిబ్రవరి చలిలో శాస్త్రవేత్తలు ఆ భవనం చుట్టూ చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. ఫలితం లేకపోయింది. జూలైలో చట్టం వచ్చింది, సెప్టెంబరుకల్లా సంస్థలు వెళ్లిపోయాయి. లోవాస్‌కు 2021లో గణితంలో నోబెల్ లాంటి ఆబెల్ బహుమతి వచ్చింది.

అదే ఏడాది చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలను ట్రస్టులకు అప్పగించారు. ఆ ట్రస్టు బోర్డుల్లో అధికార పార్టీ మనుషులు, మంత్రులు కూడా కూర్చున్నారు. 2022 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ అభ్యంతరం చెప్పి, అలాంటి విశ్వవిద్యాలయాలకు పరిశోధన నిధులు, విద్యార్థుల మార్పిడి పథకంలో కొత్త ఒప్పందాలు ఆపేసింది. తమ తప్పేమీ లేకపోయినా విద్యార్థులకు, పరిశోధకులకు తలుపులు మూసుకున్నాయి. ఆ జాబితాలో సెగెడ్ కూడా చేరింది.