ప్రస్తుతానికి గుంటూరు

మా కుటుంబం ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్ళు ఉంటుంది అనే విషయమై ఈ మధ్య చాలామంది ఆందోళన చెందుతున్నట్టు నా దృష్టికి వచ్చింది. వారిలో ముఖ్యులు మా ఇంటి ఓనరు గారు, వాటర్ క్యాన్ వేసే అబ్బాయి, మా వాడి స్కూల్లో ఫీజులు కట్టించుకునే మేడం, మా అత్తగారు, మా అత్తగారి మోకాళ్ళు. అందరికీ విడివిడిగా జవాబు చెప్పే ఓపిక లేక ఈ బహిరంగ ప్రకటన రాస్తున్నాను. మేము ప్రస్తుతానికి గుంటూరు బ్రాడీపేటలోనే ఉంటున్నాం. ప్రస్తుతానికి అన్న ముక్క ఊరికే వాడలేదు. ఆధార్ కార్డులో చిరునామాకి ముందు ఆ ముక్క చేర్పించొచ్చా అని మీసేవలో అడిగి కూడా వచ్చాను, వాళ్ళు నన్ను అదోలా చూశారు.

విషయం ఏమిటంటే మా ఆవిడ డాక్టరు. అంటే ఎంబీబీఎస్ అయిపోయింది. మన ఊళ్ళో ఎంబీబీఎస్ దగ్గర ఆగినవాళ్ళని డాక్టరు అనరు, "అమ్మాయి ఇంకా చదువుతోందా?" అంటారు. నమ్మకపోతే కొత్తపేటలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిచి చూడండి, బోర్డు మీద పేరు పక్కన డిగ్రీలు రెండో లైన్లోకి దిగకపోతే పేషెంటు ఒక్క క్షణం చూసి పక్క మెట్లెక్కేస్తాడు. కాబట్టి పీజీ, అంటే స్పెషలిస్టు చదువు. దానికి నీట్ పీజీ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు. ఆ మూడున్నర గంటలు మా ఆవిడ చూసుకుంటుంది. మిగతా ఏడాదంతా శిక్షణ మాకు.

మొదటి పాఠం 2024 జూన్ 22 రాత్రి. తెల్లారితే పరీక్ష. సెంటరు దగ్గర లాడ్జిలో దిగాం, పెరుగన్నం తినేశాం, హాల్‌టికెట్ మూడు కాపీలు మూడు బ్యాగుల్లో పెట్టాం, పిల్లాణ్ణి జోకొట్టి పడుకోబెట్టాం. రాత్రి పది దాటాక ఫోన్లు మొదలు. పరీక్ష వాయిదా. మా ఆవిడ ఏమీ అనలేదు, లేచి కూర్చుని, మూసేసిన పుస్తకం మళ్ళీ తెరిచింది. ఆ పరీక్ష ఆగస్టు 11న జరిగింది, వచ్చిన ర్యాంకుకి కోరుకున్న బ్రాంచి రాలేదు. మరుసటి ఏడాది జూన్ 15 అన్నారు. అందరికీ ఒకే షిఫ్టులో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పడంతో అది ఆగస్టు 3 అయింది. న్యాయమైన మాటే, కాదనను. కాకపోతే జూన్ 15 కోసం మా అత్తగారు తెనాలి నుంచి మే నెలలోనే వచ్చి దిగారు, పరీక్ష అయ్యేదాకా పిల్లాణ్ణి చూసుకోవడానికి. ఇది రాస్తున్న 2025 నవంబరులో ఆవిడ ఇంకా ఇక్కడే ఉన్నారు. ఈ విషయం మీద నేను ఇంతకంటే వ్యాఖ్యానించదలచుకోలేదు.

ఒక్కటి మాత్రం మెచ్చుకోవాలి. ఆగస్టు 3న రెండు లక్షలకు పైగా జనం రాసిన పరీక్షకి ఆగస్టు 19కల్లా ఫలితాలు ఇచ్చేశారు. పదహారు రోజులు! ఆ వేగానికి వాళ్ళే దడుచుకున్నట్టున్నారు, ర్యాంకుల ప్రకారం సీట్లు పంచే కౌన్సెలింగ్‌కి రిజిస్ట్రేషన్ మొదలయ్యేసరికి అక్టోబరు మధ్యకొచ్చాం. తర్వాత ఆప్షన్లు, అంటే కావలసిన కాలేజీలు వరస నంబర్లతో, పెట్టుకునే గడువు పొడిగించారు. మళ్ళీ పొడిగించారు. వినాయక చవితికి "దసరాకల్లా తేలిపోతుందండీ" అన్నాను, దసరాకి దీపావళి అన్నాను, ఇప్పుడు కార్తీక మాసం నడుస్తోంది, నేను పండగల పేర్లు చెప్పడం మానేశాను.

నేను పనిచేసేది మిర్చి యార్డు దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీలో, అకౌంట్లు రాస్తాను. ధర వచ్చేదాకా ఆగుదామని రైతులు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తెచ్చి మా దగ్గర పెట్టుకుంటారు. ఎదురుచూడటం మీద మా కంపెనీకి మంచి అనుభవం ఉంది. అయితే అక్కడ ఒక పద్ధతుంది. టిక్కీకి నంబరుంటుంది, రైతు చేతిలో రసీదుంటుంది, అద్దె ఎంతో ముందే చెబుతాం. మిరపకాయకున్న ఆ మాత్రం మర్యాద కూడా ఎంబీబీఎస్ కుటుంబానికి లేదు. పైగా నాది ఊరు మారే ఉద్యోగం కాదు. రాజస్థాన్‌లోని బికనీర్‌లో మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంటు పోస్టు ఖాళీగా ఉంటే ఎవరైనా చెప్పండి.

బికనీర్ ఎందుకంటే అది మా 88వ ఆప్షను. మొత్తం నూట అరవై రెండు. ఒకటో నంబరు గుంటూరు మెడికల్ కాలేజీ, పిల్లల వైద్యం, అదే పీడియాట్రిక్స్. అది వస్తే స్కూటీ మీద పది నిమిషాలు, మా అత్తగారు తెనాలి, కథ కంచికి. తొమ్మిది కర్నూలు. పద్నాలుగు విశాఖపట్నం. తర్వాత లిస్టులో కిందకి జారేకొద్దీ ఊళ్ళు దూరమవుతాయి, మధ్యప్రదేశ్‌లో రేవా, బికనీర్, సిల్చార్. రాత్రి భోజనాలయ్యాక ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఊళ్ళని పైకీ కిందకీ జరుపుతాం. కర్నూల్లో ఎండలెక్కువని నేను కిందకి దించాను. "గుంటూర్లో పుట్టి ఎండ గురించి మాట్లాడుతున్నారా?" అని మా ఆవిడ మళ్ళీ పైకెక్కించింది. సిల్చార్ అస్సాంలో ఉంది కదా అని నేను ముందుచూపుతో ఫోన్లో వీడియోలు చూసి రెండు వారాలు అస్సామీ నేర్చుకున్నాను, పాలు ఎంత, ఆటో వస్తావా, మా ఆవిడ డ్యూటీలో ఉంది, ఇలాంటి అవసరమైన వాక్యాలు. తర్వాత తెలిసింది, సిల్చార్‌లో మాట్లాడేది బెంగాలీ అట. ఇప్పుడు నాకు అవసరం లేని భాష ఒకటి కొద్దిగా వచ్చు. మా వాడికి ఐదో ఏడు. పొద్దున లేవగానే "నాన్నా, ఇవాళ మనం ఎన్నో నంబరు?" అని అడుగుతాడు.

కౌన్సెలింగ్‌లో సీట్లు రౌండ్ల వారీగా ఇస్తారు. ఈ రౌండ్ల సంగతి మా ఓనరు గారికి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కలేదు, చివరికి పెళ్ళి భాషలో చెబితే ఎక్కింది. మొదటి రౌండు పెళ్ళిచూపులు, సీటొచ్చినా నచ్చకపోతే ఉప్మా తిని లేచి వచ్చేయొచ్చు. రెండో రౌండు నిశ్చితార్థం, వద్దంటే కట్టిన డిపాజిట్ పాతిక వేలూ పోతాయి. మూడో రౌండులో చేరామా, మూడు ముళ్ళూ పడ్డట్టే, ఇక రాజీనామాలు కుదరవు. ఇదంతా ఆలిండియా కోటా. ప్రభుత్వ కాలేజీల్లో సగం సీట్లు అలా ఢిల్లీ వాళ్ళు పంచుతారు, మిగతా సగం విజయవాడలోని మన హెల్త్ యూనివర్సిటీ పంచుతుంది. "విజయవాడ గంట ప్రయాణమేగా, వెళ్ళి కనుక్కుని రాకూడదూ?" అంటారు ఓనరు గారు. బస్సుకి గంటే. లిస్టుకి మాత్రం ముందు ఢిల్లీ కదలాలి. ఆ యూనివర్సిటీ 1986లో పెట్టింది. 2022లో ఎన్టీఆర్ పేరు తీసి వైఎస్సార్ పేరు పెట్టారు, 2024లో మళ్ళీ ఎన్టీఆర్ పేరు పెట్టారు. మా ఆవిడకి ఒక్క సీటు తేలేలోపు యూనివర్సిటీ పేరే బదిలీ మీద వెళ్ళి, సొంతూరికి తిరిగొచ్చేసింది. అంత పలుకుబడి మాకెక్కడిది?

ఓనరు గారు ఇరిగేషన్‌లో చేసి రిటైరయ్యారు, పేపరు మొదటి పేజీ నుంచి సంతాపాల దాకా చదువుతారు. 2023లో ఈ పరీక్షకి అర్హత కటాఫ్ సున్నా పర్సంటైల్‌కి దించారన్న సంగతి ఆయనకి గుర్తుంది, అదే మా దురదృష్టం. "అంటే రాసిన వాళ్ళందరూ పాసే కదమ్మా, మీకింత టెన్షన్ ఎందుకు?" అని మా ఆవిణ్ణే అడిగారు. అర్హత వేరు, సీటు వేరు అని ఆవిడ చాలా నెమ్మదిగా చెప్పింది. ఆ నెమ్మది నాకు తెలుసు, నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

హాల్లో పదకొండు అట్టపెట్టెలున్నాయి. కొత్తపేటలో మందుల షాపు నుంచి తెచ్చినవి, సెలైన్ బాటిళ్ళ పెట్టెలు, గట్టిగా ఉంటాయి. ఆగస్టు ఫలితాల ఉత్సాహంలో సగం ఇల్లు సర్దేశాం. ఏడో నంబరు పెట్టెని చూస్తే మా పరిస్థితి మొత్తం అర్థమవుతుంది. దాని మీద బ్రౌన్ టేపు ఐదు పొరలుంది. కుక్కర్ గ్యాస్కెట్ కోసం ఒకసారి కోశాం, దీపావళికి ప్రమిదల కోసం ఒకసారి, మా వాడి స్వెట్టర్ కోసం ఒకసారి, ఆ స్వెట్టర్ పొట్టిదైందని తేలాక తిరిగి పెట్టడానికి ఒకసారి. మా ఆవిడ దాని మీద స్కెచ్‌పెన్‌తో "వంటిల్లు – కర్నూలు" అని రాసింది, తర్వాత కర్నూలు కొట్టేసి ప్రశ్నార్థకం పెట్టింది. స్కూలు మేడం మూడు టర్ములూ ఒకేసారి కడితే తగ్గింపు ఇస్తానంటోంది, మధ్యలో టీసీ తీసుకుంటే మాత్రం ఒక్క రూపాయి వెనక్కి రాదట. మా అత్తగారు ఉసిరికాయ పచ్చడి రెండు కిలోలు పెట్టాలా ఐదు కిలోలా అని రోజూ అడుగుతున్నారు. గుంటూరైతే రెండు చాలు, సిల్చార్ అయితే ఐదు. కాయలు ఆగవు కదా నాయనా అంటారు. దేశంలో ఈ కౌన్సెలింగ్‌కి గడువు పెట్టగలిగింది ఒక్క ఉసిరికాయే.

పోయిన ఆదివారం ఓనరు గారు గేటుకి టు-లెట్ బోర్డు కట్టారు. "మిమ్మల్ని పొమ్మనడం లేదు బాబూ, ముందు జాగ్రత్త." సాయంత్రానికే ఒక జంట వచ్చింది, కర్నూలు నుంచి, చంకలో రెండేళ్ళ పాప. ఇల్లు చూపించే పని మాదే కాబట్టి మా ఆవిడే దగ్గరుండి చూపించింది. గాలి బాగా వస్తుందండీ, నీళ్ళకి ఇబ్బంది లేదు, పక్కనే స్కూలు, ఓనరు గారు దేవుడు.

"మీరు ఎప్పుడు ఖాళీ చేస్తారండీ?" అని అడిగాడతను.

"లిస్టు రాగానే. మా ఆవిడ పీజీ కౌన్సెలింగ్‌లో ఉంది."

ఆ అమ్మాయి ముఖం వెలిగింది. "అయ్యో, నేనూ అంతేనండీ! ఫస్ట్ ఆప్షన్ గుంటూరు పెట్టాను, పీడియాట్రిక్స్."

ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ ర్యాంకు అడిగింది. ఆ అమ్మాయి చెప్పింది. మా ఆవిడ కంటే మూడు వందలు ముందుంది. ఓనరు గారు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూస్తూ, "మరింకేం, మీరు అక్కడికి, వాళ్ళు ఇక్కడికి, లెక్క సరిపోయింది" అన్నారు.

మా ఆవిడ పాపని బుగ్గ మీద ముద్దు పెట్టుకుంది. తర్వాత అదే నెమ్మదితో, "ఒక్క మాట చెప్పడం మర్చిపోయానండీ" అంది. "ఇక్కడ నీళ్ళు ఉప్పగా ఉంటాయి, పాపకి జుట్టు ఊడిపోద్ది. దోమలా, చెప్పక్కర్లేదు. వానాకాలం ఆ గోడ మొత్తం చెమ్మే."