మోదుగాకుల అలుగు

స్కూల్ గ్రూపులో కొంపలు ముంచే మెసేజ్‌లు ఎప్పుడూ రాత్రి తొమ్మిదిన్నర దాటాకే వస్తాయి. "ఎల్లుండి ఫ్యాన్సీ డ్రెస్. అంశం: క్షీరదాలు. ఆవు, కుక్క, పులి వద్దు, కొత్తగా ఉండాలి." మా అక్క కొడుకు రెండో తరగతి. పోటీ మాత్రం పిల్లలది కాదని హన్మకొండలో పిల్లల్ని చదివించే ఏ తల్లిదండ్రులనడిగినా చెబుతారు.

మరునాడు మా బావ వరంగల్ చౌరస్తా వైపు వేషాలు కిరాయికిచ్చే దుకాణానికి పోయాడు. ఏనుగు, కంగారూ, ఎలుగుబంటి అప్పటికే బుక్కయిపోయాయి. మిగిలినవి మొసలి, పెంగ్విన్, ఒక పోలీసు డ్రెస్సు. "పోలీసు కూడా క్షీరదమే కద సార్" అన్నాడట దుకాణదారు. శాస్త్రం ప్రకారం ఆ మాటకు తిరుగులేదు. బావ మాత్రం మొసలిని తెచ్చాడు.

"ఇదెక్కడి క్షీరదం?" అంది అక్క.

"నాలుగు కాళ్లున్నయ్ గద."

"బల్లికి కూడా ఉన్నయ్. గుడ్లు పెట్టనియ్యే క్షీరదాలు."

ఆ లెక్కన రక్తపింజరను కూడా కలపాలి. అది గుడ్లు పెట్టదు, నేరుగా పిల్లల్నే కంటుంది. అటు ఆస్ట్రేలియా ప్లాటిపస్ గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లలకు పాలిస్తుంది. కాళ్లు, గుడ్లు కాదు, పాలు చూడాలి అని నేను చెప్పబోతే "నువ్వాగు తమ్మీ" అన్నారు ఇద్దరూ. ఆ సాయంత్రం వాళ్లకు ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క విషయంలోనే.

అమ్మ బియ్యం చెరుగుతూ తీర్పు చెప్పేసింది. "చెవులు బయటికుంటే పిల్లల్ని పెడతయ్. లోపలుంటే గుడ్లు పెడతయ్. దానికింత లొల్లేంది?" ఊళ్లలో పెద్దవాళ్లు చెప్పే లెక్కే ఇది, చాలావరకు సరిపోతుంది కూడా. డాల్ఫిన్ దగ్గర తప్పుతుంది గానీ, పరకాల చెరువుల్లో డాల్ఫిన్లు లేవు కాబట్టి అమ్మకు ఇన్నేళ్లూ ఇబ్బంది రాలేదు.

అప్పటిదాకా టీవీ చూస్తున్న బాపు అన్నాడు: "అలుగును చెయ్యండి, గదే మీ ఇంగ్లీషుల పాంగోలిన్. తాడ్వాయి అడవిల నేను కళ్లారా చూసిన. ఒళ్లంతా పొలుసులు, అయినా పిల్లకు పాలిస్తది. భయమైతే ఉండ చుట్టుకుంటది, ఇగ పులొచ్చినా విప్పలేదు."

పొలుసులకు ఏం వాడాలో కూడా ఆయనకే తట్టింది. అటక మీద ఎప్పటివో మోదుగాకు ఇస్తర్లు ఉన్నాయి. కత్తిరించి, ఒకదాని మీద ఒకటి వచ్చేలా పాత బనియన్‌కు పుల్లలతో గుచ్చాడు. తోకతో సహా అర్ధరాత్రికి అలుగు తయారైంది. బావ అప్పటికీ నిద్రపోలేదు. జడ్జీలు ఏదన్నా అంటే జవాబు చెప్పాలని ఫోన్లో చదువుతూనే ఉన్నాడు.

స్టేజీ మీద మావాడు బాగానే చెప్పాడు. "నేను అలుగును. నా పొలుసులు మీ గోళ్ల లాంటివే. చీమలు, చెదలు తింటాను. నాకు పళ్లు ఉండవు." పైన రెండు, కింద ఒకటి ఊడిపోయి ఉన్నందున ఆ ఆఖరి మాటకు మంచి చప్పట్లు పడ్డాయి.

ముఖ్య అతిథి మాత్రం కళ్లద్దాలు సవరించుకున్నారు. "పొలుసులుంటే సరీసృపం కదా బాబూ. అంశం క్షీరదాలు." మొదటి బహుమతి పెంగ్విన్‌కు ఇచ్చారు. అదే దుకాణం పెంగ్విన్. ముద్దుగా నడిచిందట.

బావ లేచి నిలబడ్డాడు. "సార్, జీవులను వర్గాలుగ విడగొట్టిన లిన్నేయస్ అంతటోడే 1735ల తిమింగలాన్ని చేపలల్ల రాసిండు. 1758 పుస్తకంల దిద్దుకున్నడు. మీరు గిప్పుడే దిద్దుకుంటే అయిపోతది!"

హాలంతా గొల్లుమంది. అక్క తలొంచుకుని లేని మెసేజ్‌లు చదువుకోసాగింది. అదే సమయానికి మైకు కీచుమని అరిచింది. మావాడు బెదిరిపోయి, తాత నేర్పినట్టే మోకాళ్లలో తల పెట్టి ఉండ చుట్టుకున్నాడు. ఎండిన ఆకులు పటపటమన్నాయి. ఇద్దరు టీచర్లు వచ్చి బతిమాలినా విప్పుకోలేదు. తమకు పుల్లలు గుచ్చుకుంటుంటే వాళ్లే వదిలేశారు. బాపు మొహం మాత్రం వెలిగిపోయింది. అంత నికార్సైన అలుగును జడ్జి గుర్తుపట్టకపోవడం ఆయన దృష్టిలో జడ్జి ఖర్మ.

చివరికి బావే ఉండను ఉండలాగే ఎత్తుకుని గేటు బయటికి తెచ్చాడు. ఆటో కోసం చూస్తుంటే వెనక నుంచి పరపరమని చప్పుడు. దారిన పోతున్న బర్రె ఒకటి తీరిగ్గా తోక నములుతోంది. పులికి భయపడని అలుగు "తాతా!" అని కేక పెట్టి ఒక్క గెంతులో బాపు చంక ఎక్కింది. మేం తేరుకునేలోపు సగం వీపు కూడా పోయింది.

బర్రె వెనకాలే వచ్చిన పెద్దమ్మ మా మీదే విరుచుకుపడింది. "ఆకులకు పుల్లలు గుచ్చి పోరనికి తొడుగుతరా? బర్రె గొంతుల ఇరికితే ఎవరు జవాబు? పాలు పిండే యాళ్లయింది, దాని తోక కాడికెల్లి జరుగుండ్రి!"