దిక్కులు మారిన పచ్చబొట్టు

పైలట్ అవుదామనుకునే కుర్రాడి ఒంటి మీద పచ్చబొట్టుకి క్షేమమైన జాగా ఎక్కడా లేదు. ముంజేతి లోపలివైపు, మోచేతి మడత నుంచి మణికట్టు దాకా, లేదంటే అరచేతి వెనకవైపు ఉంటే ఫరవాలేదంటారు ఎయిర్‌ఫోర్స్ వాళ్లు. భుజం, ఛాతీ, వీపు, మెడ, పిక్క కుదరవు. తరతరాల ఆచారంగా పొడిపించుకునే గిరిజనులకు మాత్రం మినహాయింపు. ఎయిర్‌లైన్స్ వాళ్ల పద్ధతి మామూలుగా దీనికి సరిగ్గా తలకిందులు. వీపు నిండా సుందరకాండ మొత్తం పొడిపించుకున్నా వాళ్లకు పట్టదు గానీ, యూనిఫాం వేసుకున్నాక పచ్చబొట్టన్నది కంటికి కనపడకూడదు. యూనిఫాం అంటే పొట్టి చేతుల తెల్ల చొక్కా. అందులోంచి కనపడేది ఏమిటయ్యా అంటే, ఎయిర్‌ఫోర్స్ దయతలచి వదిలిపెట్టిన ఆ జానెడు జాగాయే. పైలట్ లైసెన్సులిచ్చే డీజీసీఏ వాళ్ల మెడికల్ డాక్టర్లకు ఈ గొడవ అక్కర్లేదు. వాళ్ల ధ్యాసంతా కళ్లు, చెవులు, ఈసీజీ మీదే.

ఈ సంగతులేవీ తెలుసుకోకుండానే బెజవాడ కుర్రాడొకడు ట్యాటూ షాపు మెట్లెక్కాడు. వాడికి కావలసింది కుడి ముంజేతి లోపలివైపు ఓ దిక్సూచి, దాని నడుమ మోచేతి వైపు ముక్కు పెట్టి ఎగిరే బుల్లి విమానం.

పద్ధతిగా చేస్తే ఇది పెద్ద పనేం కాదు. వెంట్రుకలు గొరిగి, స్పిరిట్‌తో తుడిచి, జెల్ పల్చగా రాసి, స్టెన్సిల్ కాగితం అద్దుతారు. ఊదా గీతలు చర్మం మీదికి దిగాక పది పదిహేను నిమిషాలు ఆరనివ్వాలి. అప్పుడు అద్దంలో కాకుండా, ఎదురుగా నిలబడ్డ మనిషి చేత సరిచూయించుకోవాలి. సూది తగలకముందు ఎన్నిసార్లు చెరిపినా ఖర్చు కాస్త స్పిరిట్టే. మన షాపాయన అంతకుముందు ఎవరికోసమో ప్రింటర్‌లో మిర్రర్ ఆప్షన్ పెట్టి, తీసెయ్యడం మరిచాడు. డిజైన్ చేతి మీదికి దిగేసరికి అక్షరాలన్నీ తిరగబడ్డాయి. "టెన్షన్ పడకు బ్రో" అని అక్షరాలు, అంకెలు తుడిచి, పెన్నుతో చక్కగా, తిన్నగా రాశాడు. ఎక్కడివక్కడే రాశాడు. అక్షరాలైతే కుదిరాయి గానీ దిక్కులు కుదరలేదు.

పైగా పడమటి గీత తిన్నగా పోయి పుట్టుమచ్చ మీద కూర్చుంది. తెలిసినవాళ్లు మచ్చ చుట్టూ కొంచెం జాగా వదిలేస్తారు. రేపు ఆ మచ్చ పెరిగినా, రంగు మారినా డాక్టరుకి కనపడాలి కదా. ఇంట్లో గోల మాత్రం డాక్టరు గురించి కాదు.

"ఒరేయ్, మచ్చ ఏదిరా? పదో తరగతి సర్టిఫికెట్లో నీ ఆనవాలు అదే కదరా!" అని వాళ్లమ్మ లబలబలాడింది. "ఇప్పుడు నువ్వు నువ్వేనని ఎవరు నమ్ముతారు?"

మావయ్య ఎయిర్‌ఫోర్స్‌లో వారెంట్ ఆఫీసరుగా రిటైరైన మనిషి. కళ్లజోడు పెట్టుకుని, మేనల్లుడి చెయ్యి అటూ ఇటూ తిప్పి, "ఏరా, తూర్పెటురా?" అన్నాడు.

"కుడివైపు మావయ్యా."

"నీ చేతి మీద ఎడమవైపుంది. దీన్ని నమ్ముకుని గన్నవరంలో లేచి విశాఖపట్నం వైపు తిప్పావంటే హైదరాబాద్ దరిదాపుల్లో తేలతావు. ఏదీ, ఓ సెల్యూట్ కొట్టు."

కొట్టాడు. చెయ్యి వేలాడేసినంతసేపూ పైకి లేస్తున్న విమానం, సెల్యూట్ కొట్టగానే ముక్కు కిందకి పెట్టి నేలకి దూకింది. మావయ్య కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. కేంద్ర పారామిలటరీ దళాల్లో ముంజేతుల్లో ఎడమదానికే ఒప్పుకుంటారు, ఎందుకంటే అది సెల్యూట్ కొట్టే చెయ్యి కాదు. ఎంతో ముందుచూపున్న రూలు.

ఎయిర్‌లైన్స్ ఇంటర్వ్యూ గండం గట్టెక్కించే పని అక్క నెత్తినేసుకుంది. ఆ అమ్మాయి చేసింది శాస్త్రీయమే. నలుపు, నీలం సిరా మీద నేరుగా మచ్చలు దాచే ఒంటిరంగు కన్సీలర్ పూస్తే బూడిదరంగు తేలుతుంది. అందుకని ముందు నారింజరంగు కరెక్టర్ అద్దాలి, అది ఆరాక కన్సీలర్ పల్చగా రెండు మూడు పూతలు, ఒక్కో పూతకీ నడుమ పౌడరు, చివర్న సెట్టింగ్ స్ప్రే. రుద్దకూడదు, అద్దాలి. ఏసీ గదిలో చూస్తే చెయ్యి అచ్చం పుట్టినప్పటి చెయ్యే. కానీ పైలట్ ఉద్యోగమంతా ఏసీలో ఉండదు. ప్రతి ఫ్లైటుకీ ముందు విమానం చుట్టూ తిరిగి టైర్లు, ఇంజన్లు చూడాలి, అదీ కాంక్రీటు మీద. ట్రయల్ అని మే నెల మధ్యాహ్నం తెల్ల చొక్కా తొడిగి డాబా మీద తిప్పారు. బెజవాడ ఎండకి ఏ సెట్టింగ్ స్ప్రే తట్టుకుంటుంది? నాలుగు చుట్లకే నారింజరంగు చొక్కా జేబు మీదికి, అక్కణ్ణుంచి నుదుటి మీదికి చేరింది. దిక్సూచి మాత్రం తళతళలాడుతోంది.

ఇక లేజరు. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. మామూలుగా వాడేది క్యూ-స్విచ్‌డ్ ఎన్‌డీ-యాగ్ అనే రకం. నల్ల సిరాకి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న వెలుగు, ఎరుపుకి 532. ఆకుపచ్చ మొండిది, దానికి వేరే యంత్రం కావాలి. లేజరు సిరాని చెరపదు, చిన్న ముక్కలుగా పగలగొడుతుంది అంతే. ఆ చెత్త ఎత్తిపోసేది మన ఒంట్లో కణాలే, వాటికి మన తొందర పట్టదు. అందుకే సిట్టింగుకీ సిట్టింగుకీ ఆరు నుంచి ఎనిమిది వారాలు ఎడం. ఏడెనిమిది సిట్టింగులు పడితే ఏడాది గడిచిపోతుంది. చామనచాయ చర్మంలోని మెలనిన్ కూడా ఆ వెలుగుని పీల్చుకుంటుంది కాబట్టి పవర్ ఎక్కువైతే తెల్లమచ్చో నల్లమచ్చో మిగులుతుంది. నాలుగువేలకి వేయించుకున్నది, తీయించుకోడానికి దానికి ఎన్నో రెట్లు.

రెండు సిట్టింగులయ్యాక దిక్సూచి పొగపట్టిన పటంలా తయారైంది. అప్పుడే పక్కవీధి శ్రేయోభిలాషి ఒకడు, "ఒంటిరంగు సిరాతో కప్పించెయ్ రా" అన్నాడు. కుర్రాడు విమానం ఒక్కదాన్నీ అలా కప్పించాడు. ఆ సంగతి డాక్టరుకి చెప్పకుండా మూడో సిట్టింగుకి వెళ్లాడు. తెలుపు, ఒంటిరంగు సిరాల్లో టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉంటాయి. లేజరు తగిలిన మరుక్షణం అవి నల్లబడిపోతాయి. ముందే చెప్పి ఉంటే ఓ మూలన చుక్కంత చోట పరీక్షించి చూసేవారు. మాయమవుతుందనుకున్న విమానం కారుమబ్బు కప్పుకుని కూర్చుంది.

కట్టుతో ఇల్లు చేరేసరికి మావయ్య ఎయిర్‌ఫోర్స్ ఆఫీసర్ల ప్రవేశపరీక్ష ఏఎఫ్‌క్యాట్ నోటిఫికేషన్ ప్రింటు పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"చూశావురా? ముంజేతి లోపలివైపు ఓకే. తీయించుకోమని నీకెవడు చెప్పాడు?"

"మీరే కద మావయ్యా, దిక్కులు తప్పన్నారు!"

"దిక్కులు తప్పన్నానుగానీ జాగా తప్పన్నానా?"

అయినా దిక్కుల విషయంలో కుర్రాడి దగ్గర ఓ అస్త్రముంది. కాక్‌పిట్‌లో ద్రవంలో తేలే స్టాండ్‌బై కంపాస్ ఉంటుంది చూడండి, దాని బిళ్లని మనం వెనకవైపు నుంచి చూస్తాం. దాని మీద డిగ్రీలు చివరి సున్నా లేకుండా ఉంటాయి, తూర్పు 9, పడమర 27. ఉత్తరానికి వెళ్తుంటే అందులో 3, 6 అంకెలు ఎడమవైపూ, 33, 30 కుడివైపూ కనపడతాయి. అంటే తూర్పు ఎడమవైపే. కొత్తగా నేర్చుకునేవాళ్లు అది చూసి విమానాన్ని తప్పువైపు తిప్పడం మామూలే. "మైసూరు సెలక్షన్ బోర్డులో అడిగితే ఇదే చెప్తాను, ఇది స్టాండ్‌బై కంపాస్ సార్ అని" అన్నాడు. మావయ్య జవాబు వెతుక్కోవలసి వచ్చింది. "సరే, ఆ మబ్బుకేం చెప్తావు?" అన్నాడు చివరికి.

దానికంటే ముందు ఇంకో పనుంది. పచ్చబొట్టు ఉన్నవాళ్లు పోస్టుకార్డు సైజు ఫోటోలు రెండు ఇవ్వాలి, దగ్గర్నుంచి ఒకటి, దూరం నుంచి ఒకటి, సైజూ రకమూ వివరాలతో సహా. ఒప్పుకోవాలో వద్దో చివరిమాట సెలక్షన్ సెంటర్‌ది. సైజు స్కేలుతో కొలిచారు. 'రకం' దగ్గర అరగంట తర్జనభర్జనలయ్యాక 'దిక్సూచి, కొంత చెరిగినది' అని రాశారు. కుర్రాడు ఫోటో స్టూడియోకెళ్లి, చెయ్యి చాపి రెండు ఫోటోలు దిగి, సాయంత్రం మావయ్యని వెంటబెట్టుకుని ప్రింట్లకి వెళ్లాడు.

స్టూడియో ఆయన కవరు చేతిలో పెడుతూ మురిసిపోయాడు. "మీవాడి చెయ్యి మరీ గలీజుగా ఉంటే కంప్యూటర్లో గంటసేపు కూర్చుని శుభ్రంగా తుడిచేశానండీ. మబ్బు, గీతలు, అక్షరాలు ఒక్కటి లేదు. లోపల పుట్టుమచ్చేదో ఉంటే అదీ తీసేశా. యాభై రూపాయలు ఎక్కువైంది."