కిటికీ పక్క ప్రార్థన

సికింద్రాబాద్ వారాసిగూడలో మా కింది వాటాలో దేవసహాయం అంకుల్, మార్తమ్మ ఆంటీ ఉంటారు. అంకుల్ రిటైరైన టైపిస్టు. గొంతు మాత్రం ఇంకా సర్వీసులోనే ఉంది. పొద్దున ఆరింటికి వంటింటి కిటికీ పక్కన మోకాళ్ళూని "పరలోకమందున్న మా తండ్రీ" అన్నారంటే మా అమ్మ స్టవ్ మీద పాలు పెడుతుంది. "ఆమెన్" అనగానే దించుతుంది. మొన్నటివరకూ ఒక్కసారి కూడా పొంగలేదు.

గొడవ నెలాఖరున, 28వ తారీకున వచ్చింది. కారణం మేమే. ముందురోజు ప్రార్థనలో "ప్రభువా, కందిపప్పు డబ్బా అడుగు కనబడుతోంది" అన్న మాట పైకి వినబడి, అమ్మ నాతో పావుకిలో పప్పు పంపింది.

"చూశావా మార్తా? అడిగి ఒక రోజు కాలేదు, పప్పు వచ్చింది."

"అడిగింది దేవుణ్ణా, పై వాటావాళ్ళనా?"

"అదేం మాట?"

"మరి డబ్బా అన్నప్పుడు గొంతెందుకు పెంచారు? పాపాలు ఒప్పుకునేటప్పుడు పక్కనున్న నాకే వినబడదు."

"భారంతో ప్రార్థిస్తే గొంతు అదే లేస్తుంది."

"పోయిన నెల నూనెకీ అట్లాగే లేచింది. పల్లీనూనె అని కూడా చెప్పారు ప్రభువుకి."

"జార్జి ముల్లర్ గారి గురించి..."

"పెళ్ళైన దగ్గర్నుంచీ వింటున్నా."

"బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లలకి ఇల్లు తెరిచాడు. పోయేనాటికి 10,000 మందిని సాకాడు. ఎవరినీ చందా అడగలేదు. అన్నీ మోకాళ్ళ మీదే తెప్పించాడు!"

"నేనూ అదే అంటున్నా. ఆయన తన అక్కర దేవుడికి చెప్పుకుని ఊరుకున్నాడు. మీరు గల్లీ మొత్తానికి చెప్పారు. ఇంకోటి, ఆయన వచ్చిన ప్రతి పైసాకీ లెక్క రాసి రసీదిచ్చేవాడు. అయిదో తారీకు మనింట్లో పెట్టిన కాటేజీ ప్రార్థనకి ఇరవై మందికి మటన్ బిర్యానీ పెట్టించారు కదా, ఆ లెక్కెక్కడ?"

కింద కాసేపు చప్పుడు లేదు. ఆ బిర్యానీ మేమూ తిన్నాం. నిజం చెప్పాలంటే, చాలా బాగుంది.

"రేపటి గురించి చింతించొద్దన్నాడు ప్రభువు. ఇశ్రాయేలీయులు ఎడారిలో దేవుడు కురిపించిన మన్నాను తెల్లారేదాకా దాచుకుంటే ఏమైంది? పురుగుపట్టి కంపు కొట్టింది."

"ఆరో రోజు రెండింతలు ఏరుకున్నదీ ఆ అధ్యాయంలోనే ఉంది. అది పురుగు పట్టలేదు. నేను వేపాకు వేసి దాచిన బియ్యమూ పట్టలేదు. ఈ వారం మీరు తింటున్నవి అవే."

"కాకులతో ఏలీయా ప్రవక్తకి రొట్టె, మాంసం పంపిన దేవుడు..."

"ఏలీయా కెరీతు వాగు దగ్గర ఎవరికీ కనబడకుండా దాక్కున్నాడు. కాకులకి అడ్రసు దేవుడే చెప్పుకున్నాడు."

"నీకు మార్త అని ఊరికే పెట్టలేదు మీ నాన్న. మరియ అని పెట్టుంటే, బైబిల్లో ఆ మార్త తోబుట్టువులాగా వంటపని వదిలి ప్రభువు పాదాల దగ్గర కూర్చునేదానివి."

"అక్కాచెల్లెళ్ళిద్దరూ కూర్చుంటే ఆ పూట ప్రభువు ఏం తినేవాడు? సరే, రోజూ 'మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము' అంటారు కదా. మత్తయి ఆరు, పదకొండో వచనం. అక్కణ్ణుంచి అయిదు వచనాలు పైకెళ్ళి చదవండి."

అంకుల్ కళ్ళజోడు వెతుక్కున్నారు. అది నెత్తి మీదే ఉందని ఆంటీ చెప్పింది.

"నీవు ప్రార్థన చేయునప్పుడు, నీ గదిలోనికి వెళ్లి తలుపు వేసి..."

"ఆగారేం?"

"తలుపన్నాడు గానీ, కిటికీ అనలేదు."

ధడేలుమని కిటికీ మూసుకుంది.

మర్నాడు ఆరయింది. ఆరుంపావయింది. "ఇంకా మొదలుపెట్టలేదేంటే?" అంటూనే అమ్మ అలవాటుకొద్దీ పాలు పెట్టింది. "ఆమెన్" వినబడలేదు. లీటరు పాలూ పొంగి, స్టవ్ మీంచి గట్టు మీదికి, గట్టు మీంచి అమ్మ కాళ్ళ మీదికి వచ్చాయి. నా చేతికి గ్లాసిచ్చి కిందికి తరిమింది.

ఆంటీ తలుపు తీసింది.

"అంకుల్‌కి ఒంట్లో బాగుందా ఆంటీ? ప్రార్థన వినబడలేదు. మా పాలన్నీ పొంగిపోయాయి. కొంచెం ఉంటే..."

ఆంటీ మాట్లాడకుండా లోపలికెళ్ళింది. గిన్నెలో ఉన్నవే అరలీటరు. గ్లాసు నిండా పోసి, మళ్ళీ నా మొహం చూసి, ఇంకో చిన్న గ్లాసు తీసింది.

వెనకనుంచి అంకుల్ గుసగుసగా అందుకున్నారు. "సారెపతులో విధవరాలి బుడ్డిలో నూనె తరగకుండా..."

"ఊరుకోండి, కొలుస్తున్నా."

గ్లాసులు నా చేతికిచ్చి, వంటింట్లోకెళ్ళి కిటికీ గడియ తీసింది. "వీళ్ళ పాలు పొంగుతున్నాయట. గట్టిగానే చేసుకోండి. సరుకుల పేర్లు మాత్రం ఎత్తారంటే చూడండి!"

ఈ పొద్దున ఆరింటికి అంకుల్ గొంతు మళ్ళీ లేచింది. దేశం కోసం, వానల కోసం, జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం ప్రార్థించారు. అమ్మ గరిటె పట్టుకుని పాల దగ్గరే నిలబడింది.

"ప్రభువా, మా అక్కరలు నీకు తెలుసు. పేర్లు ఎత్తొద్దని ఆజ్ఞ అయింది. తెల్లగా ఉంటుంది. ఇడ్లీకి ముందురోజే నానబెడతారు..."

"మినప్పప్పు," అంది అమ్మ.

కింద కిటికీ మూసుకున్న చప్పుడు వినగానే పాలు దించేసింది.