ఏడు నిజాలన్న మెసేజ్‌లో నిజం ఒక్కటే

వారం రోజులుగా ఒకటే మెసేజ్. హన్మకొండ డిగ్రీ లెక్చరర్ల గ్రూపులో అదే, కాకతీయ పాత విద్యార్థుల గ్రూపులో అదే, కరీంనగర్, నిజామాబాద్ మిత్రుల దగ్గర్నుంచి వచ్చేదీ అదే. "రీసెర్చ్ గ్రాంట్లు: ఎవరూ చెప్పని ఏడు నిజాలు" అని పేరు, అడుగున "కనీసం పదిమంది అధ్యాపకులకు పంపండి" అని విన్నపం. పంపుతున్నవాళ్ళంతా పీహెచ్‌డీలు చేసినవాళ్ళే. ఒక్కరైనా ఒక్క పాయింటునైనా సరిచూసి పంపలేదు.

మెసేజ్‌లో ఉన్నది ఇదీ. ఒకటి, స్టేట్ యూనివర్సిటీ వాళ్ళకు గ్రాంటు రాదు. రెండు, పైన తెలిసినవాళ్ళు లేకపోతే ఫైలు కదలదు. మూడు, అందుకని ప్రపోజల్ (పరిశోధన ప్రతిపాదన) రాసిపెట్టే కన్సల్టెంటును పట్టుకోవాలి, శాంక్షన్ అయ్యాక 15 శాతం ఇస్తే చాలు. నాలుగు, ఒకే ప్రపోజల్‌ను గ్రాంటిచ్చే అయిదు ఏజెన్సీలకు వేయాలి. అయిదు, ఎలాగూ సగం కోస్తారు కాబట్టి బడ్జెట్ రెట్టింపు అడగాలి. ఆరు, కొన్న పరికరం మనదే అవుతుంది. ఏడు, శాంక్షన్ అయినా డబ్బు టైముకు రాదు.

చిన్నవి ముందు తేల్చేద్దాం. పరికరం మనది కాదు. ప్రభుత్వ గ్రాంటుతో కొన్న వస్తువు స్టాక్ రిజిస్టర్లో ఎక్కుతుంది, గ్రాంటిచ్చిన సంస్థ అనుమతి లేకుండా దాన్ని అమ్మడానికి గానీ ఇంకో చోటికి తీసుకుపోవడానికి గానీ లేదు. ఒకే ప్రపోజల్‌ను అయిదుచోట్ల వేయడం కూడా కుదరదు. దరఖాస్తుతో పాటు ఇచ్చే ధ్రువపత్రంలో, ఇదే పనికి ఇంకెక్కడా డబ్బు అడగలేదని, అడిగితే ఆ వివరాలు ఇవీ అని రాసి సంతకం పెడతాం. పైగా మన సబ్జెక్టులో లోతుగా చదివి అభిప్రాయం చెప్పగలిగేవాళ్ళు దేశంలో కొద్దిమందే. రెండు ఏజెన్సీలూ చివరికి వాళ్ళకే పంపుతాయి. ఒకే ప్రపోజల్ రెండు పేర్లతో ఒకే టేబుల్ మీదికి వస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇక స్టేట్ యూనివర్సిటీల సంగతి. మన వాటా తక్కువన్నది కాదనలేని మాట. కానీ "తక్కువ" వేరు, "రాదు" వేరు. సర్బ్ (సైన్సు పరిశోధనలకు గ్రాంట్లిచ్చిన కేంద్ర సంస్థ) ఉన్నప్పుడే ష్యూర్ అనే స్కీము పెట్టింది, ఏడాదికి 10 లక్షల చొప్పున మూడేళ్ళకు. అది ఐఐటీల వాళ్ళ కోసం కాదు, రాష్ట్ర విశ్వవిద్యాలయాలు, కాలేజీల వాళ్ళ కోసం. టేర్ అనే ఇంకో స్కీము మనలాంటి చోట పాఠాలు చెప్పే టీచరు ఒక పెద్ద సంస్థను హోస్టుగా ఎంచుకుని అక్కడి ల్యాబులో పనిచేయడానికి పెట్టినది. హన్మకొండలో ఉన్న టీచరుకు అదే ఊళ్ళో నిట్ ఉంది, రైలెక్కితే హైదరాబాద్‌లో ఐఐసీటీ, సీసీఎంబీ లాంటి కేంద్ర పరిశోధన సంస్థలు ఉన్నాయి. 2023 చట్టంతో అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్ (ఏఎన్‌ఆర్‌ఎఫ్) వచ్చి, 2024లో సర్బ్ అందులో కలిసింది. ఇప్పుడు కొత్తగా చేరిన అధ్యాపకులకు ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ గ్రాంటు ఉంది. 42 ఏళ్ళ లోపు వాళ్ళకు, మూడేళ్ళకు గరిష్ఠంగా 60 లక్షలు. పెయిర్ అనే స్కీములో పెద్ద సంస్థ హబ్ (కేంద్రం), యూనివర్సిటీలు దాని స్పోక్స్ (దానితో కలిసి పనిచేసేవి). ఎస్సీ, ఎస్టీ అధ్యాపకులకు ఇన్‌క్లూజివిటీ గ్రాంటు వేరే ఉంది. సోషల్ సైన్సెస్ వాళ్ళకు ఐసీఎస్ఎస్ఆర్ (భారత సామాజిక శాస్త్ర పరిశోధన మండలి) ఉంది, దాని దక్షిణ ప్రాంతీయ కేంద్రం ఉస్మానియా క్యాంపస్‌లోనే. మెడికల్ కాలేజీల వాళ్ళకు ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి). ఏ కాల్ (దరఖాస్తుల పిలుపు) ఎప్పుడు తెరుచుకుంటుందో ఆయా పోర్టళ్ళలోనే ఉంటుంది. వారానికోసారి పావుగంట కూర్చుంటే తెలిసిపోతుంది. మనవాళ్ళకు అసలు సమస్య ఆఖరి తేదీకి మూడు రోజుల ముందు మొదలుపెట్టడం. ఎండార్స్‌మెంట్ సర్టిఫికెట్ (సంస్థ ఇచ్చే ఆమోదపత్రం) మీద రిజిస్ట్రార్ సంతకం కావాలి, కో-పీఐ (ప్రాజెక్టు బాధ్యుడైన పీఐకి తోడుగా ఉండే పరిశోధకుడు) వేరే సంస్థలో ఉంటే అక్కడి సంతకమూ కావాలి, మనుషుల నుంచి శాంపిల్స్ తీసుకునే పనైతే ఎథిక్స్ కమిటీ ముందుకు పోవాలి. కవాల్‌లోనో ఏటూరునాగారం అడవిలోనో మొక్కలు సేకరించే పనైతే అటవీ శాఖ అనుమతి. వీటికి పట్టేది రోజులు కాదు, వారాలు. ప్రపోజల్ రాయకముందే ఈ కాగితాలు కదిలించాలి.

రెండోది, "తెలిసినవాళ్ళు ఉండాలి". ఇది వినీ వినీ విసుగొచ్చింది. తిరస్కరించిన ప్రపోజళ్ళకు వచ్చే వ్యాఖ్యలు ఒకసారి శ్రద్ధగా చదవండి. ఎక్కువగా కనిపించేవి మూడే: ప్రశ్న స్పష్టంగా లేదు, ముందస్తు ఫలితాలు లేవు, పద్ధతికీ లక్ష్యానికీ పొంతన లేదు. ఉదాహరణకు వరంగల్ చపాటా మిర్చినే తీసుకుందాం. 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చాక దీని మీద రాయాలని చాలామందికి ఉంది. "వరంగల్ చపాటా మిర్చిపై సమగ్ర అధ్యయనం" అని పేరు పెట్టి, లక్ష్యాలు "రసాయన గుణాల పరిశీలన, రైతుల సమస్యల పరిశీలన, అవగాహన కల్పించుట" అని రాస్తే, చదివేవాడికి ఇందులో ఏం తేలుతుందో అర్థం కాదు. అదే మిర్చి మీద ఇలా రాయండి: చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ, ధర వచ్చేదే ఆ రంగుకు. ఏనుమాముల మార్కెట్‌కు వచ్చిన సరుకు ధర లేనప్పుడు కోల్డ్ స్టోరేజీకి పోతుంది. అక్కడ మూడు, ఆరు, తొమ్మిది నెలలు ఉన్నాక రంగు విలువ ఎంత పడిపోతుంది? లోపలికి పోయేటప్పుడు గింజతో సహా కాయలో తేమ 10 శాతం ఉంటే ఎంత, 14 ఉంటే ఎంత? అప్పుడు ఒక ప్రశ్న ఉంది, కొలిచేది ఉంది, కొలిచాక ఎవరికి పనికొస్తుందో తెలుస్తుంది. ఇక మన డిపార్ట్‌మెంట్‌లో ఉన్న, రంగు గాఢతను కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్‌తోనే ఒక పది శాంపిల్స్ చేసి ఆ గ్రాఫు ఒక్కటి జతచేస్తే ముందస్తు ఫలితం కూడా ఉన్నట్టే. దీనికి ఢిల్లీలో బంధువులు అక్కర్లేదు.

"రెట్టింపు అడగండి" అన్నది తెలివి అనుకుంటున్నారు. కమిటీ కోసేది ఎక్కువ అడిగినందుకు కాదు, ఎందుకు అడిగామో రాయనందుకు. పక్క నిట్‌లో ఉన్న యంత్రాన్నే మళ్ళీ అడిగితే "అక్కడ వాడుకోవచ్చు కదా" అంటారు. ఐ-స్టెమ్ పోర్టల్‌లో ఏ సంస్థలో ఏ యంత్రం ఉందో వాళ్ళకూ కనిపిస్తుంది. అడిగిందాంట్లో ఒక పెద్ద అంకె అబద్ధమని తేలితే మిగతా అంకెలనూ నమ్మరు. నిజానికి మనవాళ్ళ బడ్జెట్లలో ఎక్కువగా కనిపించే తప్పు తక్కువ అడగడం. పాత ప్రపోజల్‌ను ముందు పెట్టుకుని అంకెలు దించుతారు. పరిశోధన పరికరాల మీద 5 శాతం జీఎస్టీ రాయితీ 2022 జులైలో ఎత్తేశారు, ఇప్పుడు చాలావాటికి 18 శాతం. 10 లక్షల యంత్రానికి పాత లెక్కన 50 వేలు పన్ను వేసుకుంటే, బిల్లు మీద 1,80,000 వస్తుంది. ఆ 1,30,000 ఎక్కడ్నుంచి తెస్తారు? ఒక హెడ్‌లోంచి ఇంకో హెడ్‌కు (ఖర్చు పద్దుకు) మార్చాలంటే ఏజెన్సీ అనుమతి కావాలి, ముఖ్యంగా పరికరాల హెడ్‌కు. కొటేషన్‌లో పన్ను, ఇన్‌స్టలేషన్, వారంటీ విడివిడిగా రాయించుకోండి.

ప్రాజెక్టులో పనిచేసే రీసెర్చ్ స్కాలర్ జీతం దగ్గరా ఇదే. 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) 42,000. రెండేళ్ళు జేఆర్‌ఎఫ్, మూడో ఏడు ఎస్‌ఆర్‌ఎఫ్ వేసుకుంటే 8,88,000, దానికి 5,04,000 కలిపి 13,92,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. అది ఊరిని బట్టి ఉంటుంది: హైదరాబాద్ ఎక్స్ క్లాసు, వరంగల్ వై, కరీంనగర్, నిజామాబాద్ జెడ్. హైదరాబాద్ మిత్రుడి బడ్జెట్‌ను కాపీ కొట్టి ఎక్స్ క్లాసు రేటైన 30 శాతం వేసుకున్నా తప్పే, ఇక్కడివాళ్ళు అసలు వేసుకోకపోయినా తప్పే. రెండోది జరిగితే నష్టపోయేది స్కాలరు.

ఇప్పుడు మూడో పాయింటు. ఈ మెసేజ్‌లో విషం ఉన్నది ఇక్కడే.

"శాంక్షన్ అయ్యాక 15 శాతం ఇస్తే చాలు." ఎక్కడ్నుంచి ఇస్తారు? శాంక్షన్ ఆర్డరు తీసి చూడండి. పరికరాలు, మ్యాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ, ఓవర్‌హెడ్. కమీషన్ అనే హెడ్ లేదు. డబ్బు మన జేబులోకి రాదు, యూనివర్సిటీ ఖాతాకే వస్తుంది. పీఎఫ్‌ఎంఎస్ (కేంద్రం చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ) ద్వారా నేరుగా సప్లయరు ఖాతాకు, స్కాలరు ఖాతాకు పోతుంది. ఓవర్‌హెడ్ (నిర్వహణ ఖర్చులకిచ్చేది) సంస్థది. పర్మనెంట్ అధ్యాపకుడికి ఇందులోంచి జీతం కూడా ఉండదు. మరి 30 లక్షల ప్రాజెక్టులో నాలుగున్నర లక్షలు కన్సల్టెంటుకు ఎలా చేరతాయి? దారులు రెండే. ఒకటి దొంగ బిల్లు: లీటరు సాల్వెంట్ వస్తే అయిదు లీటర్లు వచ్చినట్టు రాయించి, తేడా సప్లయరు దగ్గర నగదుగా తీసుకోవడం. రెండోది స్కాలరు జీతంలోంచి కోత: ఖాతాలో 37,000 పడగానే ఇంత తెచ్చి ఇవ్వమనడం. ఊళ్ళో అమ్మానాన్న పత్తి చేలో కూలికి పోతే ఇక్కడ రూము అద్దె కట్టుకుని చదివే పిల్ల దగ్గర నెలనెలా డబ్బు గుంజడానికి ఏ పేరు పెడతారు? ఆ పిల్ల థీసిస్ మీద సంతకం చేయాల్సింది ఆ డబ్బు తీసుకునే చెయ్యే. నోరెత్తి ఎవరికి చెప్పుకుంటుంది?

దొంగ బిల్లు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే "ఎవరు చూస్తారు" అన్న ధైర్యం కొందరికి ఉంటుంది. చూస్తారు. ప్రతి బిల్లు వెనుక స్టాక్ రిజిస్టర్ పేజీ నంబరు, వస్తువు అందినట్టు సంతకం ఉంటాయి. ఆ సంతకం పీఐది. ఏడాది చివర జీఎఫ్‌ఆర్ 12-ఏ ఫారంలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ) పోతుంది. డబ్బు ఏ పనికి ఇచ్చారో ఆ పనికే వాడామని అందులో రాసి ఉంటుంది, దాని మీదా పీఐ సంతకమే, పక్కన ఫైనాన్స్ ఆఫీసర్, రిజిస్ట్రార్ సంతకాలు. కన్సల్టెంటు పేరు ఎక్కడా లేదు. ఆడిటర్ ల్యాబుకొచ్చి అయిదు లీటర్ల సీసాలు ఏవని అడిగిన రోజు అతని ఫోను స్విచాఫ్. తిరిగి కట్టాల్సింది పీఐ, ఆగిపోయేది ఆ డిపార్ట్‌మెంట్‌లో మిగతావాళ్ళకు రావాల్సిన తర్వాతి విడత.

ముందే "ప్రాసెసింగ్ ఫీజు" అడిగేవాళ్ళ మాటకొస్తే, ఏఎన్‌ఆర్‌ఎఫ్, డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం), ఐసీఎంఆర్ ప్రాజెక్టులకు దరఖాస్తు రుసుమే లేదు. పోర్టల్ లాగిన్, ఓటీపీ అతనికి ఇస్తే మన పేరుతో అతనేం వేస్తాడో మనకు తెలియదు. రాసి ఇచ్చే ప్రపోజలైనా కొత్తదా అంటే, నల్గొండ నీళ్ళ మీద రాసినదాంట్లో జిల్లా పేరు మార్చి మనకూ ఇస్తాడు. ఫ్లోరైడ్ గురించి ఉన్న పేరా అలాగే మిగిలిపోతుంది. కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌కు దొరికితే మాట పడేది మనమే. దయచేసి ఈ పాయింటును మాత్రం ఎవరికీ పంపకండి. పంపినవాళ్ళు వెనక్కి తీసుకోండి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఈ కన్సల్టెంట్లకు గిరాకీ ఊరికే రాలేదు. కొత్తగా చేరిన అధ్యాపకురాలు బడ్జెట్ ఎలా వేయాలో అడుగుదామంటే చాలా యూనివర్సిటీల్లో చెప్పేవాళ్ళు లేరు. రీసెర్చ్ సెల్ అని బోర్డు ఉంటుంది, లోపల సర్క్యులర్లు ఫార్వర్డ్ చేసే ఒక ఉద్యోగి ఉంటారు. గ్రాంటు తెచ్చిన సీనియర్లు తమ పాత ప్రపోజల్‌ను చూపించడానికి కూడా ఇష్టపడరు. ఆ ఖాళీలోకే ఈ 15 శాతం వాళ్ళు వచ్చి కూర్చున్నారు. శాంక్షన్ అయిన ప్రపోజళ్ళు పదింటిని, పీఐల అనుమతితో, లైబ్రరీలో చదువుకోవడానికి పెడితే సగం గిరాకీ పోతుంది. ఆఖరి తేదీకి మూడు వారాల ముందు వేరే డిపార్ట్‌మెంట్ వాళ్ళిద్దరు కూర్చుని చదివే ఏర్పాటు ఉంటే మిగతా సగమూ పోతుంది.

ఏడో పాయింటు నిజం. డబ్బు ఆలస్యంగా వస్తుంది, నాలుగైదు నెలలు స్కాలర్లకు ఫెలోషిప్ ఆగిపోయిన సందర్భాలు ఉన్నాయి, దాన్ని ఎవరూ సమర్థించలేరు. అందులో ఏజెన్సీల తప్పు ఉంది. మన తప్పు కూడా కొంత ఉంది, దాన్ని మనం దిద్దుకోవచ్చు. ప్రాజెక్టు ఏడాది నవంబరులో మొదలైనా యూసీ లెక్క మార్చి 31కే. మొదటి విడత వచ్చాక ప్రకటన, ఇంటర్వ్యూ, జాయినింగ్ అని మూడు నెలలు పోతే ఖర్చు కనపడదు. ఖర్చు లేకపోతే రెండో విడత రాదు. కాబట్టి శాంక్షన్ లెటరు చేతికి రాగానే స్కాలరు పోస్టు ప్రకటనకు ఫైలు పెట్టండి, డబ్బు ఖాతాలో పడేదాకా ఆగకండి. మార్చిలోనే అకౌంట్స్ సెక్షన్‌తో బిల్లులన్నీ సరిచూసుకుని ఏప్రిల్ మొదటి వారంలో యూసీ, ఖర్చుల పట్టిక పంపండి. ఖాతాలో వడ్డీ పడితే అది మనది కాదు, కేంద్రానికి తిరిగి కట్టి ఆ రసీదు జతచేయండి. ఆ రసీదు లేక యూసీలు వెనక్కి రావచ్చు.

ఇక ఆ ఆగిన నెలల్లో స్కాలరు బతకాలి. ఓవర్‌హెడ్ కింద యూనివర్సిటీకి వచ్చే డబ్బులోంచి కొంత పక్కనపెట్టి, ఆలస్యమైనప్పుడు స్కాలరుకు అడ్వాన్సు ఇచ్చి, విడత వచ్చాక సర్దుకునే ఏర్పాటు చేయమని పీఐలంతా కలిసి ఒక దరఖాస్తు రాయండి. దాని మీద పదిమంది సంతకాలు చేసి, రిజిస్ట్రార్ ఆఫీసులో ఇచ్చి, ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి.