మసిబట్టగా స్థిరపడిన పసుపు జెర్సీ గారికి

మహారాజశ్రీ పసుపు జెర్సీ గారికి నమస్కారములు. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమమే. తమరే నిన్న పొద్దున మా వంటింట్లో నాలుగు మడతలు పడి, పొయ్యి మీంచి కుక్కర్ దించుతూ కనిపించారు. ముందు గుర్తుపట్టలేదు. మడత విప్పాక ఛాతీ మీది హైదరాబాద్ ఫుట్‌బాల్ క్లబ్ లోగో సగం, వీపు మీది అంకె సగం బయటపడ్డాయి. బీరువాలో నా పెళ్లి సూటు పక్కన హ్యాంగర్‌కు ఉండాల్సిన తమరు ఇక్కడికెలా దయచేశారని అమ్మను అడిగాను.

"నువ్వే అంటివి కదరా, ఆ టీమ్ ఢిల్లీకి పోయిందని. ఇంక ఆ అంగీ ఎవరికోసం?" అంది. అక్కడితో ఆపినా బాగుండేది. "అయినా ఇది మసిబట్టకు కూడా పనికిరాదు. నీళ్లు పీల్చదు. మీ నాయన పాత బనీనే నయం."

ఇండియన్ సూపర్ లీగ్ మాజీ ఛాంపియన్ గారూ, విన్నారు కదా. మా ఇంటి పట్టికలో బనీను తమరి కంటే పైన ఉంది. కింది వరసలు తమరికి కొత్త కాదు కాబట్టి పెద్దగా బాధపడి ఉండరు.

ఈ ఉద్యోగానికి కావలసిన లక్షణాలు తమరికి మొదటి నుంచీ ఉన్నాయని ఇప్పుడు చూస్తే అర్థమవుతోంది. పప్పు పొంగి పడిన పసుపు మరక తమరి ఒంటి మీద కనపడదు. గిన్నె అడుగు మసి అంటితే నల్ల రంగులో కలిసిపోతుంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఆ పసుపు, నలుపు ఎంచిన పుణ్యాత్ములు ఇంత ముందుచూపుతో ఎంచారని అప్పుడు తట్టలేదు.

లోగో సంగతీ అంతే. ఒక పక్క చార్మినార్ బురుజు, మరో పక్క కోహినూర్ వజ్రం. ఊరి ఘనత చాటడానికి పెట్టారన్నారు, మేమూ మురిసిపోయాం. కోహినూర్ మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల్లో దొరికిందని చెప్పుకుంటాం. దొరికి ఏమైంది? చేతులు మారి, మారి, లండన్‌లో తేలింది. ఇంకెవరి కిరీటంలోనో మెరుస్తోంది. బోణీ రోజే గుండెల మీద ఆ బొమ్మ వేసుకుని వచ్చినవాళ్ల ఉద్దేశం మాకు అర్థం కాకపోతే తప్పు ఎవరిది? మాదే. తమరు ముందే చెప్పారు.

సరే, అసలు విషయానికొస్తాను. తమరు ఓడారని నా బాధ కాదు. హైదరాబాద్‌లో పుట్టినవాడికి ఓటమి కొత్తా? నా బాధ ఒక్కటే. తమరు గెలిచినప్పుడు ఊళ్లో లేరు.

లెక్క చెప్తాను, కాదనండి. 2019 నవంబరు 2న గచ్చిబౌలిలో మన మొదటి హోం మ్యాచ్. కేరళ బ్లాస్టర్స్ మీద 2-1తో గెలిచారు. ఆ రాత్రి ఇంటికొస్తూ ఈ క్లబ్బు మా కాలాన్ని మార్చేస్తుందని అనుకున్నాను. ఆ సీజన్‌లో మళ్లీ ఒక్కసారే గెలిచారు. చిట్టచివరి మ్యాచ్‌లో, ఏకంగా 5-1తో. ఎక్కడ? గువాహటిలో. పది జట్లలో పదో స్థానం.

తర్వాత కరోనా. లీగ్ మొత్తాన్ని గోవాకు ఎత్తుకెళ్లారు. అది తమరి తప్పు కాదు, ఒప్పుకుంటాను. కానీ సరిగ్గా అప్పుడే, మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చి, తమరికి ఆట వచ్చింది. ఇక్కడ మా కళ్లెదుట తడబడ్డ తమరు గోవా వెళ్లగానే పరుగందుకున్నారు. హాస్టల్‌కు పోయాక బుద్ధిమంతుడైన పిల్లాడిలా. గోవాలోని స్టేడియాన్నే "హైదరాబాద్ హోం గ్రౌండ్" అని టీవీలో వేసేవాళ్లు. మన స్ట్రైకర్ ఓగ్బెచె 2021-22లో అందరికంటే ఎక్కువగా 18 గోల్స్ కొట్టి గోల్డెన్ బూట్ పట్టుకెళ్లాడు. ఆ పద్దెనిమిదిలో ఒక్కటంటే ఒక్కటి మన గడ్డి మీద పడలేదు.

ఇక ఆ ఫైనల్, మళ్లీ కేరళ బ్లాస్టర్స్ మీదే. 2022 మార్చి 20, ఆదివారం, ఫతోర్డా స్టేడియం. స్టాండ్స్ అంతా పసుపే. కెమెరా ఎటు తిప్పినా పసుపే. మనవాళ్లు ఇంతమంది గోవా పోయారా అని గుండె ఉప్పొంగింది. తర్వాత తెలిసింది, అదంతా కేరళ జనమని. వాళ్ల రంగూ పసుపే కదా. లీగ్‌లో మనం పై స్థానంలో ఉన్నాం కాబట్టి ఫైనల్లో పసుపు మనకు దక్కింది, వాళ్ల ఆటగాళ్లు నల్ల చొక్కాలు వేసుకున్నారు. అంటే మైదానంలో పసుపు మనది, జనంలో పసుపు వాళ్లది. తమరి జీవితంలో అంత మంది పసుపు బట్టల్లో వచ్చి చూసిన మ్యాచ్ అదొక్కటే. వచ్చినవాళ్లంతా తమరు ఓడాలని వచ్చారు.

నేను తమరిని వేసుకునే టీవీ ముందు కూర్చున్నాను. ముందు వాళ్లే గోల్ కొట్టారు. 88వ నిమిషంలో మన సాహిల్ తవోరా దూరం నుంచి గాల్లోనే తన్నిన బంతి లోపలికి దూరింది. నేనెగిరిన ఎగురుకు కింది ఫ్లాట్ అంకుల్ ఫోన్ చేసి "ఇవాళ క్రికెట్ ఏమన్నా ఉందా బాబూ?" అని అడిగారు. ఎక్స్‌ట్రా టైమ్ అయ్యాక కూడా 1-1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. ఒకటి కాదు, రెండు కాదు, మూడు. హాలిచరణ్ నర్జారీ ఆఖరిది కొట్టాడు. 3-1. హైదరాబాద్ ఛాంపియన్!

బాల్కనీలోకి పరిగెత్తాను. వీధి వీధంతా చప్పుడు లేదు. మా సందులో ఒక్క టపాసు పేలలేదు. ఇస్త్రీ బండి దగ్గర కుక్క పడుకుని ఉంది. ఊరు పేరు మీద ఊరు ఛాంపియన్ అయిన రాత్రి, ఆ సంగతి ఊరికి తెలియదు. కింది ఫ్లాట్ అంకుల్‌కు మళ్లీ నేనే ఫోన్ చేసి చెప్పాను. "మంచిది బాబూ, పడుకో" అన్నారు.

ఆ రాత్రిని నేను మర్చిపోలేను, క్షమించలేను కూడా. ఊళ్లో గెలిస్తే ఏం పోయేది?

సరే, 2022 చివర్లో తిరిగొచ్చారు. ఒక్క సీజన్, నిజంగా మా దగ్గర, నిజంగా బాగా ఆడారు. లీగ్‌లో రెండో స్థానం. నేరేడ్‌మెట్ నుంచి గచ్చిబౌలికి, ఆఫీసులు వదిలే వేళకు బయల్దేరితే ఏమవుతుందో తెలిసినవాళ్లకు తెలుసు, తెలియనివాళ్లకు చెప్పినా అర్థం కాదు. రెండో సగానికి చేరిన రోజులు కూడా ఉన్నాయి. చేరాక చూస్తే 30,000 మంది పట్టే స్టేడియంలో మేము కాళ్లు చాపుకుని కూర్చునేవాళ్లం. అక్కడ నిజాయతీగా ఒకటి ఒప్పుకోవాలి, మా ఊరు కూడా తక్కువేం తినలేదు. క్రికెట్‌కు రాత్రంతా క్యూ కట్టే ఊరు, ఫుట్‌బాల్‌కు పాస్ ఉచితంగా ఇస్తానన్నా "ఎవరు పోతార్రా అంత దూరం" అంది.

సెమీఫైనల్ మాత్రం మా ఇంటి మైదానంలో పడింది. మోహన్ బగాన్ వచ్చింది. గొంతు పోయేలా అరిచాను. ఎన్ని గోల్స్ చూపించారు తమరు? సున్నా. కోల్‌కతా పోయి అక్కడా సున్నా. పెనాల్టీల్లో వచ్చిన కప్పు పెనాల్టీల్లోనే పోయింది.

ఆ తర్వాతి కథ తొందరగా కానిచ్చేద్దాం, ఎవరి పరువు కోసమైనా. మనోలో గోవా క్లబ్బుకు వెళ్లిపోయాడు. ఆటగాళ్లకు జీతాలు అందలేదు. ఫిఫా కొత్తవాళ్లను తీసుకోవద్దని నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు ఒక్కొక్కరే పెట్టె సర్దుకున్నారు. మిగిలిన కుర్రాళ్లు ఆడారు, పాపం, వాళ్లను ఒక్క మాట అనను. 2023-24లో 22 మ్యాచ్‌లకు ఒక్క గెలుపు. ఆ ఒక్కటి ఎక్కడో అడగండి. చెన్నైలో. వరసగా ఓడుతుంటే కూడా ఒక్క గెలుపు ఇంటికి తెచ్చిపెట్టడానికి తమరికి మనసు రాలేదు. మరుసటి ఏడాది ఓనర్లు మారారు. 13 జట్లలో 12వ స్థానం.

2025లో ఫోన్‌లో వార్త చూశాను. తమరి కొత్త పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అట.

ఇదేం వరస? 2019లో పుణె క్లబ్బు దుకాణం కట్టేస్తే ఆ ఖాళీలో మీరొచ్చారు. అదే ఏడాది ఢిల్లీ క్లబ్బు భువనేశ్వర్ పోయి ఒడిశా అయింది. ఇప్పుడు ఢిల్లీ ఖాళీగా ఉందని మీరక్కడికి. ఇది ఫుట్‌బాల్ లీగా, టు-లెట్ బోర్డా? ఈ ఊళ్లో అద్దెకున్న బ్యాచిలర్ కూడా ఖాళీ చేసేముందు నెల రోజులు టైమిచ్చి చెప్తాడు. పెయింటింగ్ డబ్బులు అడ్వాన్సులో పట్టుకుంటాం. నీ దగ్గర ఏం పట్టుకోవాలి? పేరు పీకేశావు, ఊరు పీకేశావు. ఆరేళ్లు గొంతు చించుకుని అరిచిన "హైదరాబాద్" అన్న మాట, సామాన్ల బండిలో పట్టలేదని గేటు దగ్గర వదిలేసిన విరిగిన కుర్చీలాగా వదిలేసి పోయావు. సిగ్గుండాలి.

క్షమించాలి. తమరు.

పోవడం తప్పని నేననను. పోయేవాళ్లు ఎప్పుడూ పోయారు. మా ఇంటికి దగ్గర్లోనే, అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడి కలకత్తా వాడైపోయాడు. కానీ ఆటగాడు పోవడం వేరు, క్లబ్బే పోవడం వేరు. హైదరాబాద్ సిటీ పోలీస్ అని ఒక టీమ్ ఉండేది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి పోయి రోవర్స్ కప్ గెలిచారు. అవీ బయట ఊళ్లో గెలుపులే అంటారా? అవును. కానీ కప్పు పట్టుకుని ఇంటికొచ్చారు. వాళ్ల నౌకరీ ఇక్కడ, ఇల్లు ఇక్కడ. వాళ్లకు ఆట నేర్పిన రహీం సాబ్ బడిపంతులు. ఆయన దేశానికి కోచ్ అయ్యాక 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనం నాలుగో స్థానం, 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో ఆసియా క్రీడల బంగారం. మరుసటి ఏడాదే క్యాన్సర్‌తో పోయారు. ఆయనతో పాటే హైదరాబాద్ ఫుట్‌బాల్ పెద్ద భాగం పోయిందని పాతవాళ్లు అంటారు. ఆ పోలీస్ టీమ్ నెమ్మదిగా ముసలిదై ఇక్కడే వెనకబడింది, వేరే ఊరి పేరు పెట్టుకోలేదు.

ఇదంతా ఒక పాలిస్టర్ చొక్కాకు ఎందుకు చెప్తున్నానో నాకే తెలియదు. ఢిల్లీ పోయినవాళ్లు పోయారు, తమరు పోలేదు. పోదామన్నా కాళ్లు లేవు గనక, అది వేరే విషయం.

నిన్న రాత్రి అందరూ పడుకున్నాక తమరిని బకెట్లో సర్ఫ్ నీళ్లలో నానబెట్టాను. నూనె జిడ్డు ఒక పట్టాన వదల్లేదు. చార్మినార్ దగ్గర కాలిన చిన్న మచ్చ ఉంది, అది పోయేది కాదు. కోహినూర్‌కు మాత్రం ఏం కాలేదు. ఇప్పుడు బాల్కనీ తీగ మీద, నాన్న బనీను పక్కనే ఆరుతున్నారు. కాస్త సర్దుకోండి, ఆయన సీనియర్.

పొద్దున అమ్మ అడిగింది, మరి కుక్కర్ దేనితో దించాలి అని. నా ఆఫీసులో ఇచ్చిన టీషర్టు తీసిచ్చాను. అదీ నీళ్లు పీల్చదట.

ఇట్లు,
నేరేడ్‌మెట్ నుంచి గచ్చిబౌలి దాకా వచ్చి, గోల్ లేకుండా తిరిగి పోయినవాడు