సవరణ: అమూల్ పాపను గీసింది లక్ష్మణ్ కాదు
నెల్లూరు ట్రంకురోడ్డులో పాత పెయింట్ల కొట్టు షట్టర్ మీద వెలిసిపోయిన ‘గట్టు’ (ఏషియన్ పెయింట్స్ ప్రకటనల్లోని పిల్లాడు) బొమ్మ గురించి మొన్న రాశాను కదా, అందులో అమూల్ పాపను కూడా కార్టూనిస్టు ఆర్.కె. లక్ష్మణే గీశారని రాసేశాను. అది తప్పు, క్షమించండి. ఆయన ఏషియన్ పెయింట్స్ కోసం 1954లో గీసింది గట్టుని. చుక్కల గౌను పాప పుట్టింది 1966లో. ఆలోచన ప్రకటనల రంగానికి చెందిన సిల్వెస్టర్ డకున్హాది, గీత చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెస్‌ది. ఒక చిత్రకారుడి పనిని ఇంకొకరి ఖాతాలో వేయడం నాకే కష్టంగా ఉంది, పాత పోస్టులోనూ దిద్దాను.

షట్టర్ సంగతి మాత్రం రాసింది రాసినట్టే. కంటి మీద పడే ఆ జుట్టుపాయ, చేతిలో బ్రష్షు, రంగు డబ్బా ఇంకా తెలుస్తూనే ఉన్నాయి. తుప్పు పట్టిన చోట సగం చెరిగిన పెయింటర్ సంతకం ఒక్కటే చదవలేకపోయాను.